మెట్లు నించున్న రోజులు

పొద్దున్నే పాలాయన సైకిలు వీధి మలుపు తిరిగే వేళకి లిఫ్టక్క బయటికి వచ్చేది. చక్రాల కుర్చీ ముందు చక్రం తగలగానే గడప నేలలోకి దిగిపోయేది. దాని కింద ఉన్న మూడు మెట్లూ, ముసలి కుక్క ముందుకాళ్ళు చాపుకుని పడుకున్నట్టు, ఉస్సురుమంటూ ఒరిగి నున్నటి వాలుగా పరుచుకునేవి. ఆమె తొందర లేకుండా వీధిలోకి దిగేది. వెనక చక్రాలు దాటాక మెట్లు మళ్ళీ ఒకదాని మీద ఒకటి లేచి కూర్చునేవి. అవి లేచేదాకా పాలాయన క్యాను పట్టుకుని పక్కన నిలబడేవాడు. లేచాక ఎక్కి, గుమ్మంలో పెట్టిన గిన్నెలో పాలు పోసి, దిగి వెళ్ళేవాడు. రైలు గేటు పడితే ఆగమా, అతనికి ఇదీ అంతే.

లిఫ్టక్క అన్న పేరు బట్టల కొట్టు ఇచ్చింది. బజారులో నాలుగంతస్తుల కొట్టు అది. అందులో లిఫ్టు నడిపేది ఆమె. ఎత్తు పీట మీద కూర్చుని, ఎక్కిన ప్రతివాళ్ళనీ "పైకా, కిందికా?" అని అడగడం ఆమె ఉద్యోగం. ఓ రోజు పైన ఎవరినో దింపి ఒక్కతే కిందికి వస్తుంటే తాడు తెగింది. "లిఫ్టు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది" అన్నాడట కొట్టు యజమాని. లోపల ఆమె ఉందన్న సంగతి ఆయనకి తట్టలేదు పాపం. అప్పట్నుంచి నడుం కింద కాళ్ళు ఉన్నాయంటే ఉన్నాయి, చెప్పిన మాట మాత్రం వినవు. ప్రభుత్వం వాళ్ళు నెలనెలా పెన్షన్ ఇస్తున్నారు. దాంతోనే ఇంటద్దె, దాంతోనే పొయ్యి.

ఆమె మొగుడు లారీ నడిపేవాడు. ఆమె ఆసుపత్రిలో ఉండగానే లోడు వేసుకుని వెళ్ళాడు. లోడు చేరింది గానీ అతను తిరిగి రాలేదు. అక్కడే ఇంకెవరితోనో కాపురం పెట్టాడని తెలిసింది. అతని తల్లి మాత్రం కోడలి దగ్గరే ఉండిపోయింది. "వాణ్ణి కన్నాను గానీ వాడి బుద్ధిని నేను కనలేదు" అని వీధిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేది.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున వ్యాను వాడు కుర్చీని మెట్ల ముందు దింపి వెళ్ళిపోయాడు. ఈ మనిషిని పైకి ఎలా ఎక్కించాలా అని అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని ఆలోచిస్తుంటే, మెట్లే పడుకున్నాయి. "సరే, అదీ మంచిదే" అని ఆవిడ కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. వీధిలో అందరూ చూశారు. పొయ్యి మీద పెట్టినవి మాడిపోతాయని ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళారు. లోపల కూడా ఇల్లు అలాగే చేసేది. వంటగది గుమ్మం కుర్చీ వస్తుంటే కాస్త ఒళ్ళు విరుచుకుని వెడల్పయ్యేది. కుళాయి మెడ వంచేది. లైటు స్విచ్చి గోడ మీద బల్లిలా జారి చేతికి అందేది. ఇన్నేళ్ళలో లిఫ్టక్క ఎవరినీ "కాస్త ఇది అందుకో" అని అడగలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఆమెకి లోలోపల కొంచెం గర్వంగా ఉండేది.

అలాంటి ఇంటికి ఓ మధ్యాహ్నం ఇంటాయన వచ్చాడు. టీ తాగాడు. కప్పు కింద పెట్టాక అసలు మాట ఎత్తాడు.

"అమ్మాయ్, నా ఆరోగ్యం సంగతి నీకు తెలుసుగా. కూతురి దగ్గరికి పోతున్నాను. ఈ ఇల్లు అమ్మేస్తాను."

లిఫ్టక్క కంటే ముందు అత్తగారే అడిగింది. "ఎవరికి?"

"ముందు మిమ్మల్నే అడుగుతున్నానమ్మా. ఇన్నేళ్ళు ఉన్నారు, అద్దె ఒక్కనాడు ఆలస్యం చెయ్యలేదు. మీరు కొంటానంటే వచ్చే నెలాఖరు దాకా ఆగుతాను. లేదంటే కూల్‌డ్రింకుల డిపో ఆయన బయానా చేత్తో పట్టుకుని నా వెనకాలే తిరుగుతున్నాడు."

"డిపో ఆయన ఈ ఇంట్లో ఏం చేస్తాడు బాబాయిగారూ?" అంది లిఫ్టక్క.

"ఇంట్లో ఏం చేస్తాడు, పడగొడతాడు. షెడ్డు వేసుకుంటాడు." ఆ మాట అంటూ ఆయన మామూలుగా గోడ మీద చెయ్యి ఆనించాడు. అంతలోనే వేడి పెనం తగిలినట్టు చెయ్యి తీసేసుకున్నాడు. అరచేతి కింద గోడ ఉలిక్కిపడింది మరి. ఆయన చెయ్యి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంకో అద్దె ఇల్లు దొరక్కపోదు. కానీ ఆ ఇంటి మెట్లు ఈమె కోసం ఎందుకు పడుకుంటాయి? ఈ ఇల్లు పోతే లిఫ్టక్క తక్కిన బతుకంతా ఏదో ఒక గదిలో, ఎవరో ఒకరు ఎత్తి దింపేదాకా కూర్చోవాల్సిందే. ఇంటాయన తాగిన టీ కప్పు సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ఎదురింటి దర్జీని తోడు తీసుకుని లిఫ్టక్క బ్యాంకుకి వెళ్ళింది. దర్జీది పెద్ద గొంతు. రోజంతా కుట్టుమిషను చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ, మిషను లేని చోట కూడా అలాగే అరిచేవాడు. మొదటి బ్యాంకులో మేనేజరు సంగతంతా వినకుండానే నవ్వాడు. "జీతం లేనివాళ్ళకి ఇంటి లోనేమిటమ్మా?" అన్నాడు. రెండో బ్యాంకులో లోన్ల కౌంటరు ఎంత ఎత్తు ఉందంటే, అవతల కూర్చున్న అమ్మాయికి లిఫ్టక్క పాపిట మాత్రమే కనిపించింది. ఆ అమ్మాయి లేచి చుట్టూ తిరిగి వచ్చి, ప్లాస్టిక్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"పెన్షన్ ఎప్పుడైనా ఆలస్యమైందా అక్కా?"

"లేదమ్మా. ఒకటో తారీఖు తెల్లారేసరికి పడిపోతుంది."

"మా మేనేజరుగారి జీతం కూడా అంత ఠంచనుగా పడదు," అంది లోన్ల అమ్మాయి. "పెన్షనూ ఆదాయమే అక్కా. దాని మీద లోన్ ఇవ్వచ్చు."

లిఫ్టక్క వెనక్కి తిరిగి దర్జీ మొహం చూసింది. అతను నోరు తెరిచి ఉన్నాడు. జన్మలో మొదటిసారి ఆ నోట్లోంచి చప్పుడు రాలేదు.

"మరి హామీగా ఏం పెట్టాలమ్మా? మా దగ్గర ఏమీ లేదు," అంది లిఫ్టక్క.

"ఇల్లే. అప్పు తీరేదాకా మా దగ్గర తాకట్టులో ఉంటుంది. మీరు మీ ఇంట్లోనే ఉంటారు, వాయిదాలు కడుతూ ఉంటారు. ఈ పెన్షన్ ఇక ముందూ వస్తుందని పెన్షనాఫీసు నుంచి ఓ కాగితం తెచ్చివ్వండి. అదొక్కటీ వస్తే నేను మంజూరు చేయిస్తాను."

ఇంటికి వచ్చి చెబితే అత్తగారికి అయోమయంగా ఉంది. "ఇల్లు కొనుక్కోడానికి ఇల్లే తాకట్టా? ఇంకా కొననిది తాకట్టు ఎలా పెడతాం? ఆ పిల్లకి మతి ఉందా?"

"అందరూ అలాగే కొంటారుట పెద్దమ్మా," అని దర్జీ వీధంతా వినబడేలా చెప్పాడు.

"అయితే లోకానికే మతి లేదు," అంది ఆవిడ. కానీ ఆ పూట గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది.

పెన్షనాఫీసు వాళ్ళు కాగితం ఊరికే ఇవ్వరు. మనిషిని పంపి చూసుకున్నాకే ఇస్తాం అన్నారు. మనిషి వస్తున్నాడనగానే అత్తగారు ఇల్లు కడిగింది. పరుపుల మీద దుప్పట్లు మార్చింది. కోడలికి జాగ్రత్తలు చెప్పింది.

"చూడు, ఇబ్బంది అన్న మాట నీ నోట రానీకు. ఏడుపు మొహం చూస్తే అప్పిచ్చేవాళ్ళు ఆమడ దూరం పారిపోతారు. మనం గట్టిగా ఉన్నామని తెలియాలి. ఎవరి మీదా ఆధారపడం అని తెలియాలి."

"ఆయన బ్యాంకు మనిషి కాదుగా అత్తయ్యా."

"బ్యాంకు కోసమే కదా వస్తున్నాడు. ఎవరైతేనేం."

అది నిజమేననిపించింది లిఫ్టక్కకి.

తనిఖీ ఆయన నెమ్మదైన మనిషి. ఆయనకే మోకాలు నొప్పిగా ఉన్నట్టుంది, మెట్లెక్కి కాసేపు తొడ పట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు కుర్చీ వేసింది. లిఫ్టక్క మంచినీళ్ళు తెచ్చింది. ఆమె వస్తుంటే వంటగది గుమ్మం పక్కకి ఒదిగింది. కుళాయి మెడ వంచింది. ఆయన రెండూ చూశాడు.

"ఒకసారి వీధిలోకి వెళ్ళి రాగలవా అమ్మా?"

"అదెంత పని సార్," అని ఆమె వెళ్ళింది. గడప దిగింది, మెట్లు పడుకున్నాయి. ఎదురింటి దాకా పోయి, గిరుక్కున తిరిగి వచ్చింది. ఆ రోజు కుర్చీ మామూలు కంటే హుషారుగా నడిచిందని కూడా చెప్పాలి.

"రోజూ ఇంతేనా? ఎవరూ సాయం పట్టరా?"

"ఎవరి చెయ్యీ అక్కర్లేదు సార్."

"మా కోడలు ఎవరి చేతా మాట పడే మనిషి కాదు బాబూ," అంది అత్తగారు. "నీళ్ళు తనే పట్టుకుంటుంది, వంట తనే చేస్తుంది. నాకే టీ పెట్టి ఇస్తుంది."

తనిఖీ ఆయన ఏదో అనబోయి ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదంతా రాసుకోమంటారా?" అని అడిగాడు.

"తప్పకుండా రాసుకోండి," అంది అత్తగారు.

ఆయన రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఒక్క క్షణం ఆగి వెనక్కి చూశాడు.

ఉత్తరం వచ్చిన పూట లిఫ్టక్క వీధిలో, దర్జీ కొట్టు నీడలో ఉంది. కళ్ళజోడు లోపల మర్చిపోయింది. "నువ్వు చదువు తమ్ముడూ" అని కవరు అతనికే ఇచ్చింది. బ్యాంకుకి ఇచ్చే కాగితమని ఇద్దరికీ నమ్మకం. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దర్జీ గొంతు సవరించుకుని, అలవాటు ప్రకారం వీధి చివరిదాకా వినబడేలా చదివాడు.

"ఇంటి మెట్లు ఒరిగి దారి ఇస్తున్నందునా, గుమ్మం జరుగుతున్నందునా, కుళాయి వంగుతున్నందునా, సదరు వ్యక్తికి ఇంట్లోకి వెళ్ళి రావడానికీ, నీళ్ళు పట్టుకోవడానికీ, వంట చేసుకోవడానికీ పరాయి సాయం అక్కర్లేదని మా తనిఖీలో తేలింది. నియమాల ప్రకారం వచ్చే నెల నుంచి..."

అక్కడ అతని గొంతు సన్నబడింది. తక్కింది అతను గొణిగాడు. అయినా వినబడింది. పెన్షన్ ఆపేస్తున్నారు.

ఎవరింట్లోనో కుక్కరు కూత వేసింది.

"చదివింది తప్పేమో, మళ్ళీ చదువు," అంది అత్తగారు.

"తప్పు కాదు పెద్దమ్మా."

"నేనే రాసుకోమన్నాను," అంది అత్తగారు. గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "నా నోటితో నేనే రాసుకోమన్నాను."

లోను కావాలంటే గట్టిగా ఉన్నామని చూపించాలి. పెన్షన్ కావాలంటే చేతకాదని చూపించాలి. ఇద్దరికీ ఒకే మొహం చూపించారు వీళ్ళు. ఆ సంగతి లిఫ్టక్కకి అప్పుడు తెలిసింది. ఏడుపు వీధిలో వద్దనుకుంది. లోపలికి వెళ్ళిపోదామని కుర్చీ ఇంటి వైపు తిప్పి, ఎప్పట్లాగే ఊపుగా తోసుకుంది.

చక్రం మెట్టుకి ఠంగున కొట్టుకుంది. కుర్చీ వెనక్కి తన్నేసింది. ఆమె తల ముందుకి ఊగి, చేతులు చక్రాల మీద నుంచి జారాయి.

మెట్లు నించునే ఉన్నాయి.

ఆమెకి అర్థం కాలేదు. వెనక్కి జరిగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఠంగుమంది. దర్జీ ఉత్తరం పట్టుకున్న చేత్తోనే పరిగెత్తుకు వచ్చాడు. పాలాయన సైకిలు ఆపాడు. మేడ మీద బట్టలారేస్తున్న వాళ్ళు పిట్టగోడ దగ్గరికి వచ్చారు. కాసేపటికి వీధి వీధంతా బయట ఉంది.

"ఏమైంది వీటికి?"

"నించున్నాయి."

"నించోడమేమిటి?"

"అదే నేనూ చూస్తున్నా. మెట్లలాగే నించున్నాయి."

అంతమందీ కొయ్యబారిపోయి చూశారు. ఒకాయన వంగి మెట్టు మీద చెయ్యి వేసి, గట్టిగా ఉందని పక్కవాళ్ళకి చెప్పాడు. ఇలాంటిది ఎక్కడా చూడలేదు, వినలేదు అనుకున్నారు.

చివరికి దర్జీ ఒక పక్క, పాలాయన ఒక పక్క పట్టుకుని కుర్చీతో సహా ఆమెని ఎత్తారు. ఇన్నేళ్ళలో ఆమెని ఎవరైనా ఎత్తడం అదే మొదలు. "నువ్వేం బరువు లేవక్కా, నా మిషనే నీకంటే బరువు," అన్నాడు దర్జీ, ఆయాసపడుతూ. ఆమె నవ్వలేదు. కళ్ళు మూసుకుంది. లిఫ్టు పడిన రోజున కూడా ఇలాగే కాళ్ళ కింద ఏమీ లేకుండా అయింది.

లోపలా అంతే. వంటగది గుమ్మం బిగదీసుకుని ఉంది, కుర్చీ పట్టలేదు. కుళాయి తలెత్తుకుని నిక్కింది. స్విచ్చి పైకి పోయి కూర్చుంది. అత్తగారు నీళ్ళు మోసింది, వంట చేసింది, దీపం వేసింది. ఆవిడ మోకాళ్ళు వాచాయి. అటూ ఇటూ నడుస్తూ ఇంటిని తిట్టేది. "ఇన్నాళ్ళు లేని నీలుగుడు ఇప్పుడెక్కడిది నీకు? అప్పుడైతే అడక్కుండానే పడుకున్నావే. ఇప్పుడు బతిమాలితే కూడా వంగవే?"

లిఫ్టక్క తిట్టలేదు. గది మధ్యలో కుర్చీలో కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉండేది. ఆమెకి ఒకటే అనిపించింది. ఇల్లు డిపో ఆయన చేతిలోకి పోతోంది కదా, మాయ తెంచుకుంది. వెళ్ళిపోయే ముందు మొగుడు కూడా ఇలాగే రెండు రోజులు బిర్రుగా, మాటా పలుకూ లేకుండా తిరిగాడు. పోయేవాళ్ళ తీరే అంత కాబోలు.

"వాడు పోయినప్పుడు కూడా నాకు ఇంత దిగులు లేదు అత్తయ్యా," అంది ఓ సాయంత్రం.

"వాడికీ దీనికీ పోలికేమిటే," అంది అత్తగారు. "ఇది ఎంత మంచిదని."

మధ్యలో డిపో ఆయన కూడా వచ్చి వెళ్ళాడు. బయటే నిలబడి, టేపు పట్టుకుని వాకిలి వెడల్పు కొలుచుకున్నాడు. మెట్ల మీద బూటుకాలు వేసి తట్టి చూశాడు. "ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది," అని మెచ్చుకున్నాడు.

బ్యాంకుకి దర్జీ వెళ్ళి సంగతి చెప్పాడు. లోన్ల అమ్మాయి నిర్ఘాంతపోయింది. "ఫైలు వెనక్కి పంపను. నెలాఖరు దాకా నా బల్ల మీదే పెట్టుకుంటాను. ఆ కాగితం మార్పించుకు రండి," అంది. మార్పించడం ఎలాగో ఆ అమ్మాయికీ తెలియదు.

అప్పుడు అత్తగారు చెప్పులేసుకుంది. వాచిన మోకాళ్ళతో బస్సెక్కి పెన్షనాఫీసుకి వెళ్ళింది. కౌంటరులో ఉన్న గుమాస్తాతో, "మీ ఉత్తరంలో ఉన్నవేవీ ఇప్పుడు లేవు బాబూ. మా ఇల్లు నించుంది," అని చెప్పింది.

గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "ఎప్పట్నుంచి?"

"మీ ఉత్తరం చదివిన నిమిషం నుంచి."

"మళ్ళీ తనిఖీకి రాసి పెట్టండి," అని ఒక కాగితం జరిపాడు.

నెలాఖరు దగ్గర పడ్డాక తనిఖీ ఆయన మళ్ళీ వచ్చాడు. ఎండగా ఉంది. ఆయన వస్తున్నాడని దర్జీ, పాలాయన కలిసి లిఫ్టక్కని ముందే వీధిలోకి దింపి ఉంచారు. అత్తగారు మెట్ల పక్కన నిలబడింది. వీధిలో జనం ఎవరి గుమ్మాల్లో వాళ్ళు నిలబడ్డారు.

తనిఖీ ఆయన మెట్లని కాసేపు చూశాడు. "నించున్నాయి," అన్నాడు.

"నించున్నాయి సార్," అంది లిఫ్టక్క.

"అంతకు ముందు పడుకునేవి కదా."

"పడుకునేవి. అబద్ధం ఎందుకు చెబుతాను. ఇప్పుడు పడుకోవడం లేదు."

"ఒకసారి ఎక్కడానికి ప్రయత్నం చెయ్యమ్మా. నేను చూడాలి. తప్పదు."

ఆమె కుర్చీ తోసుకుంది. చక్రం మెట్టుకి తగిలి ఆగింది. వెనక్కి జరిగింది. ఈసారి మరింత బలంగా వచ్చింది. కుర్చీ ఎగిరి పక్కకి ఒరిగింది. ఆమె ముందుకి పడి, రెండు చేతులూ మెట్ల మీద ఆనించింది. కాళ్ళు కుర్చీలో చిక్కుకుపోయి ఉన్నాయి. అరచేతులు చెక్కుకుపోయాయి. మొహం మొదటి మెట్టుకి అంగుళం దూరంలో ఉంది. ఇప్పుడైనా అది ఒరుగుతుందేమోనని ఆమె చూసింది. పడినవాళ్ళని చూస్తే పరాయివాళ్ళు కూడా వంగుతారు. మెట్టు కదల్లేదు.

వీధిలో ఎవరో ఏడ్చారు. దర్జీ ముందుకి రాబోతుంటే అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ కళ్ళు మెట్ల మీద ఉన్నాయి. అప్పుడే ఆవిడకి అది కనిపించింది. మూడో మెట్టు పక్కన, గోడ కలిసే చోట, సన్నగా ఇసుక రాలుతోంది. గాలి లేదు. అయినా మెట్టు అంచు వణుకుతోంది. చాలాసేపు బరువు పట్టుకున్న మనిషి మోకాలు ఎలా వణుకుతుందో అలా వణుకుతోంది. ఆ వాచిన మోకాళ్ళ మనిషికి ఆ వణుకు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇన్ని రోజులూ తను తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి అత్తగారి చెవుల్లో మోగాయి. ఆవిడ ఒక్క అడుగు పక్కకి వేసి, ఆ ఇసుక మీద పాదం పెట్టి నిలబడింది.

తనిఖీ ఆయన దర్జీని పిలిచాడు. ఇద్దరూ కలిసి లిఫ్టక్కని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన జేబురుమాలు తీసి ఆమె అరచేతులకి చుట్టాడు. తర్వాత లోపల చూడాలని మెట్లెక్కబోయాడు. అత్తగారి పాదం దగ్గర ఆగాడు. పాదం చుట్టూ ఇసుక చిన్న కుప్పయింది. కుప్ప మీదికి ఇంకా రాలుతోంది. ఆయన ఇసుకనీ, ఆవిడ మొహాన్నీ, మెట్టు అంచునీ చూశాడు.

అత్తగారు పాదం ఇంకా గట్టిగా అదిమింది.

"పెద్దమ్మా," అన్నాడాయన, ఆవిడకి మాత్రమే వినబడేలా, "కాలు తియ్యకండి. అలాగే ఉండండి."

లోపలికి వెళ్ళి గుమ్మం చూసి, కుళాయి చూసి వచ్చాడు. వీధిలో నిలబడే రాసుకున్నాడు. రాస్తూ లిఫ్టక్కతో అన్నాడు. "ఎవరైనా ఎంత కనికరించినా, ఆ కనికరం నీ కాళ్ళు కాదమ్మా. ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. పోయినసారి నేను నీ కాళ్ళు చూడకుండా మెట్లు చూసి రాశాను. ఈసారి సరిగా రాస్తున్నాను. మళ్ళీ ఎవరూ వచ్చి చూడక్కర్లేదని కూడా రాస్తున్నాను."

లిఫ్టక్క దండం పెట్టబోయింది. చేతులకి రుమాలు చుట్టి ఉండడంతో అది కుదర్లేదు.

కాగితం వచ్చింది. పెన్షన్ జీవితాంతం అని అందులో ఉంది. లోన్ల అమ్మాయి దాన్ని చదివి, మళ్ళీ చదివి, మేనేజరు గదిలోకి దాదాపు పరిగెత్తింది. మేనేజరు ఓ జామీను కూడా కావాలంటే దర్జీ సంతకం చేశాడు. చేస్తూ, "నా మిషను తప్ప నా దగ్గర ఏం లేదు, దాన్ని తీసుకుపోతే బ్యాంకు వాళ్ళంతా కుట్టు నేర్చుకోవాలి," అని బ్యాంకంతా వినబడేలా అన్నాడు. నెలాఖరు రోజున ఇంటాయన రిజిస్ట్రాఫీసులో సంతకం పెట్టి, తాళం చెవి లిఫ్టక్క ఒళ్ళో పెట్టాడు. డిపో ఆయన బయానా జేబులోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వీధి కుదుటపడి ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. లిఫ్టక్క మెట్ల ముందు కుర్చీ ఆపింది. ఇల్లు తనదే ఇప్పుడు. మెట్లు మాత్రం నించునే ఉన్నాయి.

"దర్జీ తమ్ముణ్ణి పిలవండి అత్తయ్యా," అంది నీరసంగా. "ఇల్లు కొన్నాం గానీ, ఎక్కాలంటే మనిషి కావాలి."

"ఉండవే," అంది అత్తగారు.

ఆవిడ వీధికి అటూ ఇటూ చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, కష్టపడి వంగి, మొదటి మెట్టు మీద అరచెయ్యి వేసింది. దాగుడుమూతల్లో ఇంకా దాక్కునే ఉన్న పిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఇంక చాల్లే నాయనా. అందరూ వెళ్ళిపోయారు."

ఈసారి మెట్లు ఒరగలేదు. ఒక్కసారిగా కూలబడ్డాయి. రోజుల తరబడి ఒంటికాలి మీద నించున్న మనిషి కూలబడినట్టు, దబ్బున, దుమ్ము లేచేలా పడిపోయాయి. గడప నేలలోకి కుంగింది. లోపల ఎక్కడో కుళాయి మెడ వాలిన చప్పుడు, గోడ మీద స్విచ్చి జర్రున జారిన చప్పుడు వినిపించాయి. వాలు అంతటా ఇసుక పరుచుకుంది.

లిఫ్టక్క ఆ ఇసుక చూసింది. అత్తగారి మొహం చూసింది. ఆమెకి కాస్త ఆలస్యంగా, ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది. దర్జీ గొంతు ఎంత పెద్దదో తెలిసొచ్చింది. ఆ ఉత్తరం ఎవరెవరు విన్నారో తెలిసొచ్చింది. తను పడినప్పుడు ఒరగకుండా ఉండడానికి ఎవరికి ఎంత కష్టమైందో తెలిసొచ్చింది. చక్రాల మీద చేతులు వేసి అలా ఉండిపోయింది.

"ఎంత నొప్పెట్టిందో అత్తయ్యా దానికి," అంది.

"నొప్పెడుతుంది మరి," అంది అత్తగారు. కళ్ళు తుడుచుకుని, కుర్చీ వెనక్కి వచ్చి పిడులు పట్టుకుంది. "చాల్లే, పాలు విరిగిపోతాయి. పైకా, కిందికా?"

లిఫ్టక్క తాళం చెవి గుప్పిట్లో పట్టుకుంది.

"లోపలికి అత్తయ్యా," అంది.